నీళ్లు పోయకూడని గ్లాసు

చెల్లీ, నా ఉద్యోగం పోలేదు, బెంగపెట్టుకోకు. బళ్లో సైన్సు టీచరు పిల్లల చేత రెండు గ్లాసుల్లో దూది మీద చిక్కుడు గింజలు వేయించారు. ఒకదానికి నీళ్లు పోయాలి, రెండోదానికి పోయకూడదు. గది ఊడుస్తూ, పాపం అవీ దేవుడిచ్చిన ప్రాణాలే కదా అని, రెండోదానికీ రోజూ గుక్కెడు పోశాను. అన్నీ మొలిచాయి. రెండోదీ మొలిచిందని ఉన్నదున్నట్టు రాసిన పిల్లను, "నువ్వే పోసుంటావ్, నిజం చెప్పు" అని టీచరు నిలబెట్టారు.

"పోసింది నేనండీ" అన్నాను.

ఆవిడ రెండు గ్లాసులూ ఖాళీ చేసి, "సరే ఆయమ్మా, మళ్లీ వేద్దాం. ఈసారి కాపలా మీదే" అన్నారు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా పాత కళ్లజోడు పంపు. అన్నట్టు, నిన్న ఆ పిల్ల "రెండోది మొలవలేదు" అని రాస్తే, టీచరు ఏమీ అడగకుండా సంతకం పెట్టారు. దేవుడు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

అక్క