నోటితో ఊదిన హారతి

సికింద్రాబాద్, దసరా మర్నాడు

అక్కకి, నేను క్షేమం, కనుబొమలతో సహా. సెల్లులో చెబితే గొంతు వణకడం నీకు తెలిసిపోతుందని కార్డు రాస్తున్నాను.

నా తోటివాళ్ళు ఏసీ గదుల్లో కంప్యూటర్లు నొక్కుతుంటే, నేను బోయిన్‌పల్లి షెడ్డులో అడవి కొమ్మలూ రంపపు పొట్టూ గాలి తగలకుండా డ్రమ్ములో కాల్చి, ఆ ఆవిరిని చల్లార్చి, లారీలకు నూనె తీసి భూగోళాన్ని కాపాడుతున్న సంగతి నీకు తెలిసిందే. నిన్న ఆయుధ పూజ. మా యజమాని రామభద్రరావు గారు వేడి మీదున్న డ్రమ్ముకు కర్పూర హారతి పట్టారు. సరిగ్గా అప్పుడే పైపు అతుకు దగ్గర గ్యాసు వాసన కొట్టింది. అంటుకుంటే షెడ్డూ మేమూ కలిసి లేచిపోతాం. ఉఫ్‌మని హారతి ఊదేసి, అతుకు వైపు చూపించాను.

"గిట్ల నోటితోని ఊదుతరా సారూ? అమ్మవారు ఊకుంటదా?" అన్నాడు ఫిట్టరు మల్లేశం.

"అపశకునం. అతుకు బిగించి శుక్రవారం మళ్ళీ ఇద్దాం. పళ్ళెం నువ్వే పట్టాలి" అన్నారు యజమాని.

అప్పట్నుంచి పక్కవాడు అగ్గిపుల్ల గీసినా ఉలిక్కిపడుతున్నాను. అన్నం సహించడం లేదు.

అమ్మకు చెప్పకు. చంటిదానికి జ్వరం తగ్గిందా? బావ ఇటొస్తే మామిడి తాండ్ర పంపు. ఆయనకి నా నమస్కారాలు.

మంగళవారం సిరిమాను జాతర చూడ్డానికి వెళ్ళినప్పుడు పైడితల్లి అమ్మవారి ముందు నా బదులు లెంపలేసుకో. శుక్రవారం వాసన వస్తే మళ్ళీ ఊదుతాను. ఆ తప్పుకి కూడా కలిపి ముందే వేసేసుకో.

నీ తమ్ముడు,
పైడిబాబు