మూడో ల్యాప్‌టాప్‌లో విన్నది

మా ఇంటి మహారాణికి,

ఇక్కడ నేను కులాసా. నువ్వు లేని ఇల్లు మాత్రం అంత కులాసాగా లేదు. అక్కడ నువ్వు, వదిన, అన్నయ్యగారు బాగున్నారనీ, వదిన నిన్ను మంచం దిగనివ్వడం లేదనీ తలుస్తాను. నాలుగంతస్తుల మెట్లు ఎక్కకూడదని డాక్టరమ్మ అన్నరోజే నిన్ను మీ అక్కయ్య ఇంట్లో దింపి వచ్చాను గానీ, మనసింకా ఆ గుమ్మంలోనే ఉంది.

"ఫోన్లో ఆ, ఊ తప్ప నీ నోట్లోంచి మాట రాలదు. ఉత్తరమైనా రాయి మహానుభావా" అని రాశావు. ఇదిగో, రాస్తున్నాను. వేళకి తింటున్నాను. ఒట్టు. కిటికీలో మొక్కకి నీళ్ళు పోస్తున్నాను. ఒకరోజు మరిచిపోయి మర్నాడు రెండుసార్లు పోశాను, అదీ నేనూ రాజీపడ్డాం.

పేర్లు ఏమైనా అనుకున్నావా అని అడిగావు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మనకి ఆలూ ఉంది, చూలూ ఉంది, అయినా పేరు ఎత్తడానికి నాకు నోరు రావడం లేదు. పోయినేడు పేర్లూ అనుకున్నాం, ఊయలకి రంగూ వేశాను. ఆ బిడ్డ మనకి దక్కలేదు. ఈసారి ఆశపడాలంటేనే భయంగా ఉంది. ఆశపడకుండా ఉంటే దెబ్బ తగలదనుకునే వెర్రివాణ్ణి నేను.

స్కానింగ్ గదిలో నువ్వు ఫోన్లో పట్టి పంపిన బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉందని మళ్ళీ అడిగావు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ల్యాప్‌టాప్ భాగోతం విను.

పాతది చేతులెత్తేసింది. పరుపుల కంపెనీ ప్రకటనకి జోలపాటలాంటిది చేస్తున్నానని చెప్పాను కదా. అందులో నాలుగు వయొలిన్లు చేరేసరికి దాని ఫ్యాను మిక్సీలా మొదలుపెడుతుంది. పక్కనే మైకు పెట్టి వేణువు ఊదితే వేణువుతో పాటు మిక్సీ కూడా పాటలోకి ఎక్కుతుంది. "నిద్రపుచ్చే పాట అడిగాం సార్, వంటింటి పాట కాదు" అన్నారు కంపెనీవాళ్ళు. ఇక లాభం లేదని కొట్టుకి వెళ్ళాను.

కొట్లో ల్యాప్‌టాప్‌లు అమ్మే అమ్మాయి మెడలో హెడ్‌ఫోన్ వేసుకుని ఉంది. తీరిక దొరికితే కీబోర్డు వాయిస్తుందట. నేను కళ్ళజోడు సర్దుకుని మెమరీ ఎంత, ప్రాసెసర్ ఏది అని స్టిక్కర్లు చదువుతుంటే నవ్వింది.

"అవన్నీ పెళ్ళిచూపుల కబుర్లు సార్. మీ పని పట్టుకొచ్చి దీని నెత్తిన పడేయండి. ఏది తట్టుకుంటే దాన్ని ఇంటికి తీసుకెళ్ళండి."

మాట నాకు నచ్చింది. ఇంటికొచ్చి, పాట ఫోల్డరు ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళాను. మొదటిది అద్దంలా సన్నగా, ముద్దుగా ఉంది. వయొలిన్లు రాగానే నత్తి మొదలైంది. రెండోది మహా బలశాలి, కానీ పాతదానికి పెద్దన్నయ్య, అదే మిక్సీ. మూడోది బూడిదరంగులో, బరువుగా, చూడ్డానికి పలకలా ఉంది. పాటంతా మోసింది, చప్పుడు లేదు. నమ్మలేక కీబోర్డుకి చెవి ఆనించి విన్నాను. పక్కన ఎవరో వీడికేమైంది అన్నట్టు చూశారు.

"ఇంకా బరువు వేద్దాం" అంటూ ఆ అమ్మాయి నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ ఒక్కసారిగా పాటలోకి లాగి పడేసింది.

ఇక్కడే నేనొక మాట ఒప్పుకోవాలి. నువ్వు పంపిన చప్పుడు నేను వినలేదు. "విన్నాను, బాగుంది" అన్నది అబద్ధం. వింటే ఆశపడతానని, ఆ పాట ఫోల్డర్లోనే ఒక మూల పడేసి, దానివైపు చూడకుండా పని చేసుకుంటున్నాను. కోప్పడు. కానీ తర్వాతి సంగతి కూడా విను.

వయొలిన్ల అడుగునుంచి ఏదో మోగింది. "ఈ డ్రమ్ము బాగుంది సార్" అంటూ ఆ అమ్మాయి మిగతావన్నీ ఆపి, అదొక్కటే స్పీకర్లో పెట్టింది. ధబ్... ధబ్... తెరమీద ఆ ఫైలుకి నువ్వు పెట్టిన పేరు కనిపించింది: "విను".

కడుపులో బిడ్డ గుండె మన గుండెకి రెట్టింపు వేగంతో కొట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు గుర్తే. ఇదేమో ముసలివాళ్ళు మెట్లెక్కినట్టు ఆగి ఆగి కొట్టుకుంటోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీనా దేవుడా, అన్నాను పైకే.

"ఏమైంది సార్?"

"అది డ్రమ్ము కాదమ్మా. మా బిడ్డ గుండె."

ఆ పిల్ల తెరవైపు చూసి అరిచింది. "అయ్యయ్యో, టెంపో కలిపే బటన్ ఆన్‌లో ఉంది సార్! మీ పరుపుల పాట నడకకి దీన్ని సాగదీసేసింది!"

రోజూ నేను చేసే పనే. ఏ చప్పుడు తెచ్చినా పాట నడకలోకి వంచడమే కదా నా బతుకు! ఆ బటన్ సంగతే మరిచిపోయాను, చచ్చినంత పనైంది. ఆమె దాన్ని ఆపింది.

ఎలా చెప్పను! గుర్రప్పిల్ల గేటు తోసుకుని పరిగెత్తినట్టు వచ్చింది. టకటక టకటక, ఆగదు, అలవదు. బిల్లు కడుతున్న ఒక పెద్దావిడ బుగ్గన వేలేసుకుని, "ఎవరోగానీ మహా తొందరలో ఉన్నారే!" అంది. ఇన్నేళ్ళూ తాళాలు లెక్కపెట్టి బతికినవాణ్ణి, ఆ తాళం ముందు చేతులు జోడించాను. చీకట్లో, నీళ్ళలో, ఎవరూ నేర్పకుండా, మన వేలెడంత బిడ్డ ఒంటరిగా అంత పని చేస్తోంది. నా భయంతో దానికి నిమిత్తం లేదు. నేను ఆశపడ్డా, పడకపోయినా అది కొట్టుకుంటూనే ఉంది. ఎంత అద్భుతమే ఇది! ఇన్నాళ్ళూ నిన్నొక్కదాన్నే విననిచ్చానే, ఎంత పాపిష్టివాణ్ణి!

అక్కడే ఏడ్చాను. ఆ అమ్మాయీ ఏడ్చింది. మూడోదే కొన్నాను.

వచ్చే స్కానింగుకి ముందురోజే బయల్దేరి వస్తాను. పోయినేడులా వరండాలో కూర్చుని గోడలు చూడను. గదిలోకి నేనూ వస్తానని డాక్టరమ్మకి చెప్పి ఉంచు. ఏం వినాల్సి వచ్చినా నీ చెయ్యి పట్టుకునే వింటాను. రేపేమవుతుందో నాకు తెలియదు. కానీ ఇవాళ బిడ్డ ఉంది. ఇవాళ నేను దానికి ఏమవుతానో, అది రాయడానికి ఇంక భయపడను.

ఇట్లు,
మన బిడ్డ నాన్న