రాళ్ల మూలను చూపిన అంకె

చిన్నోడా,

నువ్వు కన్నుమూసి ఏడాదైంది. ఈ రోజు మన వేరుశనగ చేనుకు పంట కొలిచే ఆఫీసరు వచ్చాడు. ఎండిన చేను చూపడానికి మీ నాయనకు సిగ్గు. పచ్చగా ఉన్న మూలకు తీసుకుపోయి, "ఈడ పీకు సారూ" అన్నాడు.

"శిస్తు మాఫీ వద్దా పెద్దాయనా? ఈ అంకెల పట్టీలో చీటీ తీసినట్టు వచ్చిన అంకె యాడ చూపిస్తే ఆడే పీకాల. మీ కొడుకు నేర్పించిన పద్ధతే ఇది. పట్నంలో లెక్కల మిషను కూడా ఆయన రాసిచ్చినట్టే లెక్క తేలుస్తాది. ఊరూరా ఇట్లా కొలిస్తేనే కరువు దాగదు" అన్నాడు ఆఫీసరు.

అంకె మన చేలో ఎండిన రాళ్ల మూలను చూపించింది. కాయలు తట్టెడు కూడా రాలేదు. మీ నాయన అతడి చేత నీ పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మనింట్లో సంగటి తింటూ, "లెక్కల్లో పడితే ఆయనకు అన్నం గుర్తుండేది కాదమ్మా" అన్నాడు ఆఫీసరు. ఆ తర్వాత నేను నీ పేరున ఒక ముద్ద తీసి పక్కన పెట్టాను. ఈ మధ్య కూర్చుంటే లేవలేకపోతున్నాను, నేనూ త్వరలోనే నీ దగ్గరికి వస్తానేమో.

అక్కడైనా వేళకు కడుపునిండా తిను నాయనా.