మడుగు దాచిన ఆదివారం

7-12-2004, మంగళవారం

నాగలక్ష్మి బాగుందా? పసిదానికి కామెర్లు తగ్గాయా? వియ్యపురాలి మోకాళ్లు ఎట్లున్నాయి? కొడుకు బస్సు దిగకముందే అడిగాను. శనివారం భార్యను కాన్పుకు ఖమ్మం తీసుకుపోయి, ఇప్పుడే వచ్చాడు. అందరు మంచిగున్నరు, ముందు నీ బీపీ గోలి ఏస్కో అని నవ్వాడు సమ్మయ్య. రాత్రి అన్నం తిని వాగు మడుగులో వల వేయడానికి పోయాడు. స్వెట్టర్ వేసుకోలేదు. జ్వరం వస్తే?

8-12, బుధవారం

పొద్దున సమ్మయ్య వల లాగితే దేవ్‌సింగ్ శవం వచ్చింది. పక్క తండా మనిషి. పొలం నీళ్ల వంతు కాడ పోయిన నెల సమ్మయ్యతో కొట్లాడాడు. ఆదివారం ఇల్లు కదిలితే, వైరాకు కూలికి పోయిండనుకున్న అని అతని భార్య కమ్లి ఏడుపు.

మా ఊరి ముసలి పగిడయ్య శవాన్ని చూసి, మా బర్రె కుంటల పడితే తెల్లారేసరికి డోలు లెక్క ఉబ్బింది, వీడు ఉబ్బనే లేదు, రాత్రే సచ్చిండు అన్నాడు. రాత్రి వాగుకు పోయింది ఎవరు? సమ్మయ్యను ఎస్సై జీపెక్కించుకుపోయాడు. నీ కొడుకు చెయ్యి పడిపోను అంది నన్ను కమ్లి.

9-12

పోస్టుమార్టం చేసింది శ్యామల డాక్టరమ్మ. ఇంత చిన్న పిల్ల. చెప్పులు చేతబట్టుకుని మడుగులోకి దిగింది, థర్మామీటరు ముంచింది. పగిడయ్యను అడిగింది, బర్రె పడ్డది ఏ కాలంల తాతా అని. ఎండాకాలం అన్నాడు. మరి గదే కదా, అది ఎండకు ఉడికింది, ఈడ చెట్లనీడ, అడుగున ఊటనీళ్లు, సల్లటి నీళ్లల్ల పీనుగ జల్దీ ఉబ్బదు అంది. అరచేతుల తోలు తెల్లగా నాని ఊడివస్తోందట, అది ఒక్క రాత్రి పని కాదట. దెబ్బలేవీ లేవు, కాలు వేర్లలో ఇరుక్కుని మునిగిపోయాడు, దొరికేసరికే రెండు మూడు రోజులు దాటింది అంది.

సరిగ్గా ఏ రోజో చెప్పమన్నాడు ఎస్సై. నాకు తెల్వదు, తెల్సినంతే రాస్త అంది. ఎస్సై మొహం మీదనే! నేనైతే భయానికి ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆ తల్లి కడుపు చల్లగుండ.

10-12

సమ్మయ్యను వదిలారు. మంగళవారం దాకా భార్య మంచం కాడనే ఉన్నడని ఖమ్మం ఆస్పత్రి నర్సమ్మ ఫోన్లో చెప్పిందట. పడుకున్నాడు. ఊపిరి ఆడుతోందా అని రెండుసార్లు చూశాను.

11-12

కమ్లి తమ్ముడు సోమ్లా వచ్చాడు. ఇల్లు కదిలిన ఆదివారమే పోయినట్టు తేల్చుకున్నారట. పన్నెండో దినం ఆ లెక్కనే. డాక్టరమ్మ లేకుంటే తప్పు రోజున కూడు పెడుదుము అని ఏడ్చిందట అక్క. నీళ్లల్లకెల్లి తీసిన చెయ్యి నీదే, నువ్వు రాకుంటే ఎట్ల అని సమ్మయ్యకు కబురు. నన్నూ రమ్మంది.

గురువారం. పదహారో తారీకు.