ఒడ్డు ఉరికినట్టు

బాలన్నా,

ఫోన్‌ల చెప్తే అమ్మ స్పీకర్ పెట్టమంటది. అందుకే గీ ఉత్తరం. ఆమెకు చదివి వినిపియ్యకు.

మొన్న విమానం లేపి ఎడమకు తిప్పుతున్న. ఫ్లయింగ్ స్కూల్ల నేర్పే మేడమ్ పక్క సీట్ల ఉంది. లేచేటప్పుడు ఎదురుగాలి. తిరిగేసరికి అదే గాలి ఎనకకు వచ్చింది, కింద చెట్లు ఒక్కసారే ఉరుకుడు మొదలుపెట్టినయ్. బూర్గంపాడు కాడ నీ మోటారు పడవ నా చేతికిచ్చినప్పుడు ఏమన్నవ్? "ఒడ్డు ఉరికితే రేసు తగ్గియ్యే, లేకుంటే గుద్దుతవ్" అన్నవ్. నా చెయ్యి గదే చేసింది, రేసు పిడి ఎనక్కి గుంజింది.

ఎనక గాలి తోస్తే నేల ఉరికినట్టు కనబడ్డది, గంతే అన్నా. గాలిల మా స్పీడ్ జర్ర గూడ పెరగలే. రేసు తగ్గేసరికి రెక్కలకు గాలి చాలలే. పడిపోతమని చెప్పే హారన్ మొత్తుకున్నది, విమానం వణికింది. మేడమ్ నా చెయ్యి తోసేసి, ముక్కు కిందికి వంచి, రేసు మొత్తం ఇచ్చింది. తాటిచెట్ల తలలు ఇంకా నా కండ్ల ముందే ఉన్నయ్. దిగినంక ఆమె ఒక్కటే మాట అన్నది: "కిందికి చూడకు. స్పీడ్ మీటర్ చూడు."

వచ్చే శుక్రవారం నేనొక్కదాన్నే నడపాలె. చెయ్యి తోసేసేటోళ్లు ఎవ్వరుండరు.

నువ్వు వస్తనన్నవ్ గద, రా. నువ్వు రాకుంటే నాకు ధైర్యం చాలదు. కానీ రన్‌వే కంచె కాడ నిలబడి తువ్వాల ఊపకు అన్నా. చెట్ల ఎనక నిలబడు. నువ్వు కనబడితే నేను కిందికే చూస్తా.

నీ చెల్లె