నా కంప్యూటర్ ఆపొద్దు

బావా,

నేను కొమరోలు మా అమ్మ దగ్గరికి పోతున్నా, సాయంత్రం బస్సుకు వస్తా. నా కంప్యూటర్ మాత్రం ఆపొద్దు. ప్రింటర్ వైరు దానికే ఉంది. గోడవతల మీ తమ్ముడు జీవన్ వాళ్ల కంప్యూటర్ నుంచి ప్రింట్ ఇస్తే, నాది ఆన్‌లో ఉంటేనే ఇక్కడ కాగితం వస్తది. ఇల్లు రెండు చేసుకున్నారు గానీ, ప్రింటర్‌ను రెండు చేయలేక వైఫైలో కలిపే ఉంచినాం గదా.

బయటికి పోతే స్విచ్చులన్నీ ఆపి పోవాలని మామ నేర్పిన అలవాటు నీది. నిన్న కూడా అట్లనే ఆపి పోయినావు. నేను బడి నుంచి వచ్చి ఆన్ చేసినానో లేదో, ఒకటే కాగితం మళ్లీ మళ్లీ వచ్చింది. జీవన్ పొద్దున్నుంచి పంపుతానే ఉన్నాడంట. తలుపు తట్టి అడగొచ్చు గదా అంటే, "అన్న ఇంట్లో ఉన్నాడేమోనని రాలేదు వదినా" అన్నాడు. ఏందిది బావా? నాకు రాత్రి అన్నం సయించలేదు.

అది మామ జ్ఞాపకార్థ కూడికకు పిలిచే కాగితం. నిన్న పంపింది ఎట్ల వస్తుందో చూసుకోవడానికి. చర్చి సంఘంలో అందరికీ పంచేవి ఈ రోజు మధ్యాహ్నం పంపుతాడు. ట్రేలో కాగితాలు పెట్టినా. వచ్చినవి నువ్వే జీవన్‌కు తీసుకుపోయి ఇయ్యి. చారు పొయ్యి మీదే ఉంది, వెచ్చబెట్టుకో.

భారతి

ఇంకో మాట. పిలిచేవాళ్లు అని ఉన్న చోట నీ ఒక్కడి పేరే వేసినాడు. తన పేరు వేసుకుంటే నువ్వు ఒప్పుకుంటావో లేదోనంట. మధ్యాహ్నం దాకా ఆగొద్దు. ముందే పోయి వేసుకోమని చెప్పు.