లీటరుకు పన్నెండు

నవంబరు 3, ఆదివారం. ప్రొద్దుటూరు. ఉదయం 6.10
శపథం చేశాను! పాత స్కూలు వ్యాను కొని, లోపల మంచం, స్టవ్వు, ఏసీ పెట్టించింది మా ఆవిడ ఇందుమతిని కాశీ తీసుకెళ్లాలని. తనేమో, "ఎనిమిది ఇచ్చే ఈ తాగుబోతు బండిలో నేను రాను. వారంలో లీటరుకు పన్నెండు కిలోమీటర్లు చూపించండి, వస్తా. లేదంటే మా అక్కతో రైలెక్కుతా" అంది.
పెళ్లయి ముప్పై ఏళ్లు. ఇప్పుడు వాళ్లక్క చేతిలో ఓడిపోతానా!

నవంబరు 4
మెకానిక్ హఫీజ్ టైర్లలో గాలి చూసి, "బరువు తగ్గించు సామీ. స్పీడు యాభై దాటొద్దు" అన్నాడు. మంచం దించాను. స్టవ్వు దించాను. ఏసీ బంద్. పన్నెండేం ఖర్మ, పదిహేను ఇస్తుంది!

నవంబరు 6. జమ్మలమడుగులో గృహప్రవేశం, పురోహితుణ్ణి నేనే
5.00: నలభై మీద పోతున్నాను. పాలవాడి మోపెడ్ దాటిపోయింది. పోనీ.
5.25: ఇంటాయన ఫోన్. "యాడుండావు సామీ? ముహూర్తం దాటిపోతాంది!" ఎనభై తొక్కాను. దేవుడి పనికి పోయిన డీజిలు లెక్కలోకి రాదు.
1.30: భోజనంలో ఓళిగలు నాలుగు. కునుకొస్తోంది. వ్యాన్లో చాప వేశాను. ఏసీ పది నిమిషాలే.
3.10: ఇప్పుడే లేచాను. ఏసీ ఇంకా తిరుగుతోంది.
మైలేజీ ఏడున్నర. ఇది ఇక్కడ రాయను.

నవంబరు 10, ఆదివారం. ఆఖరి రోజు!
ఉదయం: పులివెందుల పోను రాను నూట ఇరవై. డీజిలు కూడా బరువే కదా! ఖాళీ ట్యాంకులో సరిగ్గా పది లీటర్లు పోయించాను. ఏం బుర్ర నాది!
మధ్యాహ్నం: కార్తీక నవమి. పురోహితుడు కనిపిస్తే గుమ్మడికాయ దానం. కాదంటే దోషం. పదిహేడు కాయలు!
4.20: ముద్దనూరు దాటాక బండి ఆగింది. ట్యాంకులో చుక్క లేదు.
4.50: ఉల్లిగడ్డల ట్రాక్టరొకటి వచ్చింది. రైతు పేరు రామసుబ్బయ్య. "ఏంది సామీ, ఇంత బండి పెట్టుకొని తాడు కోసం చూస్తాండావు?" అంటూనే తాడు కట్టి లాగాడు. చక్రాలతో పాటు మీటరూ తిరుగుతోంది. ఆహా!
6.15: వీధి మొదట్లోనే తాడు విప్పించి, ఇందుమతిని పిలిచి మీటరు చూపించాను. డీజిలు అయిపోయిందన్నాను. అదీ నిజమే. పది లీటర్లు, నూట ఇరవై. పన్నెండు! వాళ్లక్కకు ఫోన్ చేసి రైలు వద్దంది.

నవంబరు 11
7.00: గుమ్మంలో రామసుబ్బయ్య. "అమ్మా, నిన్న వ్యాను లాక్కొచ్చిన తాడు సామి కాడే ఉండిపోయింది."
నా పని అయిపోయింది.
7.05: "ట్రాక్టరు తాగిన డీజిలు యాడ రాసినారండీ?" తల దించుకున్నాను. ఇందుమతి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "మీరు లేకుంటే కాశీలో నాకేం తోస్తుంది? వ్యాన్లోనే వస్తా. కానీ ఆడ ఇష్టమైందేదో ఒకటి వదలల్ల కదా. మీరు ఈ మైలేజీ వదిలేయండి."
కళ్లు చెమర్చాయి. చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాను.

నవంబరు 12. ఉదయం 6.10
వదలాల్సింది కాశీలో కదా. ఇంకా బయల్దేరనే లేదు! శాస్త్రం ఒప్పుకుంటుంది, చెప్పేది నేనే కాబట్టి.
కొత్త శపథం: కాశీ దాకా పదమూడు!
గుమ్మడికాయలు దించాను. ఎందుకైనా మంచిదని రామసుబ్బయ్య నంబరు రాసిపెట్టుకున్నాను.